టింగుమంటే లేచి పరిగెత్తాలా?

మా తాతయ్యగారింటికి శుభలేఖ వస్తే విప్పకముందే తెలిసిపోయేది, మూలల్లో పసుపు ఉండేది కాబట్టి. అదే టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే మామ్మ కళ్ళనీళ్ళు పెట్టేసుకునేదట. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఉన్నది కార్డా, కవరా, టెలిగ్రామా అన్నదే సగం కబురు చెప్పేసేది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆపేశారు. దాంతోపాటు ఆ సుఖం కూడా పోయిందేమోనని నా అనుమానం.

ఎందుకంటే ఇక్కడ టొరంటోలో నేను పనిచేసే చోట ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినా, ఎవరో కిచెన్‌లో టింబిట్స్ డబ్బా పెట్టినా ఒకటే చప్పుడు. టింగ్!

నేనేదో చాట్ అంటే గిట్టని చాదస్తుణ్ణి అనుకునేరు. కాదండీ. ఈ పాపంలో నాకూ వాటా ఉంది. మూడేళ్ళ కిందట ఒక క్లయింటు (పేరెందుకు లెండి) "టీమంతా మాట్లాడుకోడానికి ఏది వాడదాం?" అని నన్నడిగాడు. నేను మహా ఉత్సాహంగా నాలుగు సాఫ్ట్‌వేర్లు తీసుకుని ఎక్సెల్ షీటు తయారు చేశాను. ధర, వీడియో, సెర్చి, సెక్యూరిటీ... ముప్ఫై వరసలు. టీములో సగంమంది హైదరాబాద్‌లో ఉన్నారు. మనకి సాయంత్రం నాలుగైతే వేసవిలో వాళ్ళకి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. ఆ ముప్ఫై వరసల్లో ఈ సంగతికి మాత్రం ఒక్క వరసా లేదు.

ఒక గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగింటికి, రాత్రి నడపాల్సిన బిల్లింగ్ స్క్రిప్టు ఆపాలని ఇక్కడ నిర్ణయించారు. చాట్‌లో, ఏదో కబుర్ల మధ్యన, ఒక లైను. మర్నాడు పొద్దున్న హైదరాబాద్ కుర్రాడు సీట్లో కూర్చునేసరికి చదవని మెసేజీలు నూట నలభై. మెయిల్‌లో పాత ప్లాను భద్రంగా ఉంది. దాని ప్రకారం స్క్రిప్టు నడిపాడు. కస్టమర్లకి బిల్లులు రెండేసి వెళ్ళాయి.

మీటింగులో మేనేజరు "చాట్‌లో చెప్పాం కదా, చూసుకోవాలి" అన్నాడు. ఆ కుర్రాడు సారీ చెప్పాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎంచింది నేను, ఏ మాట ఎక్కడ రాయాలో నియమం పెట్టనిదీ నేనే. కానీ మ్యూట్ బటన్ తియ్యలేదు. తర్వాత అతనే ఫోన్ చేశాడు. "రాత్రి ఒకటిన్నరకి ఒచ్చిన మెసేజ్ కూడా చూస్తుండాల్నా అన్నా?" అనడిగాడు. ఏదో నసిగాను. నెలాఖరుకి అతన్ని ప్రాజెక్టులోంచి తీసేశారు.

అప్పట్నుంచీ నా అభిప్రాయం ఇది: ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. స్లాక్ ఎలా పుట్టిందో చూడండి. వాంకూవర్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో పనిచేసిన టైనీ స్పెక్ అనే చిన్న కంపెనీ గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేసింది. ఆట 2012లో మూతపడింది. ఆ పనిలో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోడానికి కట్టుకున్నదే 2013లో స్లాక్‌గా బయటికొచ్చింది. అంటే వాళ్ళ పని పద్ధతి ముందు, సాఫ్ట్‌వేర్ తర్వాత. మనం కొనేవాళ్ళం మాత్రం చెప్పులు ముందు కొనేసి, దానికి తగ్గట్టు కాళ్ళు చెక్కించుకుంటున్నాం.

"అన్నీ మెయిల్‌లో రాస్తూ కూర్చుంటే పని సాగినట్టే" అంటారు కొందరు. నిజమే. కబుర్లు చాట్‌లోనే చెప్పుకోండి, చర్చలూ అక్కడే చెయ్యండి. కానీ చర్చ ముగిశాక తేలిన మాట కదలని చోట ఒకటి ఉండాలి, అది అందరికీ తెలిసి ఉండాలి. నిజంగా కొంప మునిగితే ఫోన్ చెయ్యాలి. ఫోన్ రాలేదంటే కొంప మునగలేదని అర్థం. అప్పుడు అవతలివాడు హాయిగా నిద్రపోవచ్చు.

ఇంకోటుంది. ఎంచుకున్నది కాస్తా పడిపోతే? 2022 జూలై 8న రోజర్స్ నెట్‌వర్క్ దేశమంతటా ఆగిపోయింది. కోటీ ఇరవై లక్షలకి పైగా ఖాతాదారులు. ఇంటరాక్ డెబిట్ చెల్లింపులు నిలిచిపోయాయి, చాలామందికి 911 కూడా కలవలేదు. అప్‌గ్రేడ్‌లో ఒక రౌటింగ్ ఫిల్టర్ తీసెయ్యడంతో మొదలైన గొడవ అది. దానిమీద సీఆర్‌టీసీ చేయించిన నివేదిక సారాంశం 2024లో వచ్చింది. అందులో నన్ను కదిలించిన విషయం ఏంటంటే, బాగుచెయ్యాల్సిన ఉద్యోగులు కూడా తమ కంపెనీ ఫోన్లూ, ఇంటర్నెట్టే వాడుతున్నారు. మొదటి గంటల్లో వాళ్ళలో వాళ్ళే సరిగ్గా మాట్లాడుకోలేకపోయారు. చివరికి వేరే కంపెనీల సిమ్ కార్డులు పంపాల్సొచ్చింది. బావిలో పడ్డవాణ్ణి తియ్యడానికి దింపాల్సిన తాడు కూడా బావిలోనే ఉన్నట్టు! అంత పెద్ద సంస్థకే అలా అయితే, రెండో దారి ఏదో ముందే రాసుకోని మన ఆఫీసుల సంగతి చెప్పాలా?

ఒంటారియోలో 2021లో ఒక చట్టం తెచ్చారు. పాతికమంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ, పనివేళల తర్వాత పనికి దూరంగా ఉండటం గురించి రాతపూర్వకంగా ఒక పాలసీ పెట్టుకోవాలి. మంచిదే. కానీ పాలసీ ఉండాలంది గానీ అందులో ఏముండాలో గట్టిగా చెప్పలేదు. పైగా అది హైదరాబాద్‌లో కూర్చున్న కుర్రాడికి వర్తించదు. అక్కడి రాత్రి గురించి ఆలోచించాల్సింది ఇక్కడ మెసేజ్ కొట్టేవాడే.

ఇప్పుడు ఎవరైనా నన్ను ఏది వాడదామని అడిగితే ఎక్సెల్ తియ్యట్లేదు. నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. తీసుకున్న నిర్ణయం ఎక్కడ రాసుంటుంది? అర్జెంటైతే దారేది? ఏ వేళల్లో చూడకపోయినా తప్పు కాదు? ఇది పడిపోతే ఇంకో దారేది? వీటికి జవాబులుంటే మామూలు సాఫ్ట్‌వేర్‌తోనైనా బండి నడుస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైంది కొన్నా చివరికి ఎవడో ఒక కుర్రాడు సారీ చెప్తాడు.

మొన్న ఆ కుర్రాడికి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. వేరే కంపెనీలో బాగానే ఉన్నాడట. కాసేపాగి, "ఆ రోజు మీటింగ్‌ల చెప్తే మంచిగుండు అన్నా" అన్నాడు.

నిజమే. అన్నిటికన్నా తేలికైన సాధనం అప్పుడు నా దగ్గరే ఉంది. మ్యూట్ తీసి ఒక్క మాట చెప్పడమే.