వాగులో మందు, క్రిములకు విందు

జ్వరం తగ్గగానే యాంటీబయాటిక్ మాత్రలు మానేసే రోగిని డాక్టరు మందలిస్తారు. మందులు పనిచేయకుండా పోవడానికి కారణం మీరేనంటారు. ఆ మాట ఎలా ఉన్నా, ఆ మందలింపు వినాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. పటాన్‌చెరు వాగుల్నే తీసుకోండి.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే చోటది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అదీ శుద్ధి చేశాక! 2011లో వాగు బురదను పరీక్షిస్తే మందులను తట్టుకునే నిరోధక జన్యువులు కుప్పలుగా బయటపడ్డాయి. వాటిని మోసుకుతిరిగే ప్లాస్మిడ్లు, ట్రాన్స్‌పోజాన్లు కూడా.

అసలు భయం ఈ మోతగాళ్లతోనే. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాలో ప్రధాన డీఎన్ఏకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. ఒక బ్యాక్టీరియా సన్నటి పోగు చాచి పక్కదాన్ని దగ్గరికి లాక్కుంటుంది, ప్లాస్మిడ్ నకలు దానికిచ్చేస్తుంది. తనది తన దగ్గరే ఉంటుంది. ట్రాన్స్‌పోజాన్ ఒకచోటి నుంచి మరోచోటికి గెంతుతూ నిరోధక జన్యువును ఆ ప్లాస్మిడ్ మీదికి ఎక్కిస్తుంది. జాతి వేరైనా చాలాసార్లు పట్టింపు లేదు. బురదలో ఊరూపేరూ లేని సూక్ష్మజీవి దగ్గరున్నది రేపు ఆస్పత్రి వార్డులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకు చేరవచ్చు. ఒకే ప్లాస్మిడ్‌పై నాలుగైదు మందులకు నిరోధం ఉంటే, వాటిలో ఏ ఒక్కటి వాడినా మిగతా వాటి నిరోధక జన్యువులూ బతికిపోతాయి.

కేంద్ర ప్రభుత్వం తలచుకుంటే దీనికి అడ్డుకట్ట వేసే పని చేయగలదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఓడించే జన్యువు ప్లాస్మిడ్‌ మీద ఉన్నట్టు 2015లో చైనాలో బయటపడింది. 2019లో మన ప్రభుత్వం కోళ్లకు, పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. మరి ఫ్యాక్టరీల దగ్గరికొచ్చేసరికి చేయెందుకు వణికింది? మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు 2020 జనవరి ముసాయిదాలో పరిమితులు పెట్టారు. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. పరిశ్రమ ఖర్చు భరించలేదన్న వాదనను మేం ఒప్పుకోం. శుద్ధి ఖర్చు కంపెనీ లెక్కల్లో కనబడుతుంది. పనిచేయని ఇంజెక్షన్ ఖర్చు మాత్రం ఐసీయూ బయట పుస్తెలు తాకట్టు పెట్టే ఇంటి మీద పడుతుంది, ఏ బ్యాలెన్స్‌షీట్‌లోనూ చేరదు.

ఆ పరిమితులను కేంద్రం వెంటనే తిరిగి తేవాలి. అందాకా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్లు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. కంపెనీలకిచ్చే అనుమతి పత్రాల్లోనే ఆ షరతు పెట్టాలి, వాగు నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా జనం ముందుంచాలి.