ఎత్తు కంటే ముందు టైరు

రాజమహేంద్రవరంలో నాకు వీల్ అలైన్‌మెంట్ షాపుంది. మారేడుమిల్లి ఘాటు ఎక్కే పికప్ బళ్లు ఇక్కడికి వస్తుంటాయి. కుర్రాళ్లు దిగీ దిగగానే, "అన్నా, రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేస్తావా?" అంటారు. ముందు టైరు సంగతి తేల్చుకోండి అంటాను.

లిఫ్ట్ కిట్ లేపేది ఛాసిస్‌ని, బాడీని. వెనక యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రాళ్లదారిలో దెబ్బ తినేది తరచుగా అదే. దాన్ని పైకి లేపేది పెద్ద టైరే. 265/65 ఆర్17 తీసి 285/70 ఆర్17 వేస్తే టైరు ఎత్తు 776 నుంచి 831 మిల్లీమీటర్లవుతుంది. యాక్సిల్‌కి దక్కేది అందులో సగం, 27 మిల్లీమీటర్లు. అంతకోసం మీటరు తప్పు చూపిస్తుంది: 80 అన్నప్పుడు బండి 85 మీద పోతుంటుంది. ఘాట్‌లో లాగుడు తగ్గుతుంది, బ్రేకులకు భారం పెరుగుతుంది. ఇక లిఫ్ట్ ఎక్కువైతే ముందు యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి అవి తొందరగా అరుగుతాయి; మలుపుల్లో బండి ఒరుగుతుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

నన్నడిగితే కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెరైన్ టైర్లు, సరైన గాలి, కింద గట్టి ఇనుప గార్డు. మన కొండదారులకు అవి చాలు. లిఫ్ట్ బేరం పోయినా నా మాట ఇదే.