బ్యాగులకు కాపలా ఎవరు?

టీమ్ అవుటింగ్ అనగానే మా వాట్సాప్ గ్రూపులో ముందు పడే పేరు భువనగిరి కోట. ఏకశిల కొండ, సిటీకి దగ్గర, ఫొటోలు అదిరిపోతాయి. పోయిన డిసెంబర్‌లో అక్కడికే వెళ్లాం. మావాడొకడికి అప్పటికి మోకాలి లిగమెంట్ సర్జరీ అయి రెండు నెలలు. "నువ్వు రా మామా, ఎక్కకపోతే కింద కూర్చుందువు" అన్నాం. వచ్చాడు. మేం దిగొచ్చేదాకా రెండు గంటలు మా బ్యాగులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. గ్రూప్ ఫొటోలో వాడు లేడన్న సంగతి నాకు మొన్న ఇంకో అవుటింగ్ ప్లాన్ చేస్తుంటే గానీ తట్టలేదు.

ఈసారి వాడితోపాటు నడుములో డిస్క్ జారిన మా టెస్టింగ్ లీడ్ అక్క కూడా ఉంది. స్పాట్ ఫిక్స్ చేసేసి "వస్తారా?" అంటే మొహమాటానికి "వస్తాలే" అంటారు, లేదా "మీరు వెళ్లి రండి" అంటారు. రెండూ నమ్మకూడదు. అందుకే స్పాట్ అనుకోకముందే ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, ఏది ఇబ్బందో అడిగా. గ్రూపులో మాత్రం అడక్కండి. పదిమందిలో ఎవరూ నొప్పి గురించి చెప్పరు.

వాడికి మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టమట. దిగేటప్పుడు ఒంటి బరువంతా వంగిన మోకాలి మీదే పడుతుంది కదా. ఇండియన్ టాయిలెట్ అయితే కూర్చోలేడు. ఎక్కడ ఏది ఉంటుందో తెలియక, బయటికొచ్చిన రోజు నీళ్లే సరిగ్గా తాగడట! భువనగిరిలో కూడా అంతేనట. ఈ మాట విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు.

అక్కకేమో నడక ఓకే. కుదుపులు, గంటలకొద్దీ కూర్చోవడం పడదు. టెంపో ట్రావెలర్‌లో వెనక సీటు ఎంత ఎగరేస్తుందో తెలుసుగా? అందుకని ఆమెకి మధ్య సీటు, అరగంటలో చేరే చోటు.

గోల్కొండ అనుకున్నాం గానీ బాలాహిసార్ దాకా సుమారు 360 మెట్లు. కోట పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు ఓకే చేశాం. తోటలో చాలావరకు చదునైన దారి. సమాధుల అరుగులకు మెట్లున్నా, గుమ్మటాలు కిందినుంచి చూసినా బాగుంటాయి. "ఎక్కడం లేకపోతే బోర్" అని సణిగినవాళ్లు పొద్దున్నే కోట ఎక్కి రావాలి. మిగతావాళ్లం పదకొండుకి నేరుగా తోటకే వెళ్తాం. కింద కూర్చుని ఎదురుచూసే పని ఎవరికీ లేదు.

నేను పోయిన శనివారం ఒకసారి వెళ్లి, గేటు నుంచి ఎంత నడవాలో, టాయిలెట్ ఎక్కడుందో చూసొచ్చా. వ్యాన్ ఎక్కడానికి ప్లాస్టిక్ స్టూల్, ఐస్ ప్యాక్‌లు రెడీ. దగ్గర్లోని హాస్పిటల్ నంబర్ ఫోన్‌లో ఉంది.

మావాడు ఇంకా "ఫిజియోని అడిగి చెప్తా" అంటున్నాడు. అపాయింట్‌మెంట్ గురువారం. తలుపు పక్క సీటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.