సీటు వరకే గ్యారంటీ

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకి రెండు పక్కలా బోర్డులు చదువుకుంటూ పోతే చాలు, మన మధ్యతరగతి ఈ మధ్య ఏం కలలు కంటోందో తెలిసిపోతుంది. ఒకప్పుడు ఇదే రోడ్డు మీద జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్.. "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్". ఇప్పుడు వాటి పక్కనే తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. "నీట్‌లో తక్కువ మార్కులా? దిగులొద్దు! విదేశాల్లో ఎంబీబీఎస్. సీటు గ్యారంటీ."

ఇన్నాళ్ళూ ఆ బోర్డులు చూసి నవ్వుకునేవాణ్ణి. 2025 ఆగస్టులో ఒక ఆదివారం మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ బోర్డు కింద మెట్లెక్కింది మా బాబాయ్, చిన్నమ్మ, మా చెల్లి. వాళ్ళ వెనక నేను.

మా చెల్లికి నీట్‌లో 720కి 191 వచ్చాయి. మొద్దు పిల్ల కాదు, అలాగని పుస్తకాల పురుగూ కాదు. నాలాగే అన్నమాట. నా ఇంజనీరింగ్ మార్కుల జాబితా ఇక్కడ పెడితే నా పరువు పోతుంది కాబట్టి పెట్టను. అందుకే తక్కువ మార్కులొచ్చిన వాళ్ళకి డాక్టరయ్యే అర్హత లేదు అని నేనెప్పుడూ అనను. నా గొడవ మార్కులతో కాదు.

లోపల ఏసీ గది, గోడల నిండా ప్రపంచ పటాలు. బాబాయ్ నకిరేకల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగారు. అసలు ఈ దుకాణాలు ఇక్కడే ఎందుకు ఇన్ని ఉన్నాయంటే సగం జవాబు అదే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సు ఏదైనా ఊళ్ళోకి వచ్చేది ఈ దారినే. పిల్లల్ని కోచింగ్ హాస్టళ్ళలో వేసిందీ ఇక్కడే. కోచింగ్‌లో రాని సీటు రెండు వీధుల అవతల దొరుకుతుందంటే ఎవరు కాదంటారు?

కౌన్సెలర్ కుర్రాడు గడగడా చెప్పుకుపోయాడు. "అంకుల్, మన దగ్గర మేనేజ్‌మెంట్ సీటు కోటి దాకా పోతుంది. అక్కడైతే హాస్టల్, ఇండియన్ మెస్ అన్నీ కలిపి ముప్పై లక్షల లోపే. డబ్ల్యూ.హెచ్.ఓ. గుర్తింపు ఉంది, ఎన్.ఎం.సీ. అప్రూవ్డ్. పాప ఆరేళ్ళలో డాక్టరు."

బాబాయ్ నా వైపు తిరిగి "ఏమంటవ్ కొడుకా? సీటైతే పక్కా అంటుండు గదా" అన్నారు. రెండెకరాలు అమ్మితే కొంత వస్తుంది, మిగతాది బ్యాంకు లోను. లోనుకి కో-అప్లికెంట్‌గా ఎవరి జీతం స్లిప్పులు పెట్టాలో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

నేను ఒక్కటే ప్రశ్న అడిగాను. "మీరు పంపిన వాళ్ళలో తిరిగొచ్చి ఎఫ్.ఎం.జీ.ఈ. పాసైంది ఎందరు?"

కుర్రాడు ఒక్క క్షణం ఆగి, ఓ రంగుల కాగితం తీశాడు. పదిహేను మంది ఫొటోలు, కింద "మా విజేతలు". పంపింది ఎంతమందినో ఆ కాగితంలో ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పాసైన టెస్టు కేసులే చూపించి, మొత్తం కేసులెన్నో చెప్పని రిపోర్టు అది. మన మేనేజరు అలాంటి రిపోర్టు మన మొహాన కొడతాడు. కానీ మన ఇంటి పిల్ల జీవితం దగ్గరికొచ్చేసరికి మనమే దానికి సంతకం పెట్టేస్తాం!

సరే, ఆ కాగితంలో లేని లెక్కలు నేను చెప్తాను.

విదేశాల్లో మెడిసిన్ చదివొచ్చిన వాళ్ళు ఇక్కడ ప్రాక్టీసు చెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష ఎఫ్.ఎం.జీ.ఈ. 2002 నుంచి ఉంది. ఏడాదికి రెండుసార్లు పెడతారు. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగటివ్ మార్కులు లేవు. 2015 నుంచి 2018 దాకా అన్నిసార్లూ కలిపి 61,708 మంది రాస్తే 8,764 మంది పాసయ్యారు. అంటే నూటికి 14 మంది. ఆ తర్వాత బాగుపడిందా అంటే కొంచెం. 2025 జూన్ సెషన్‌లో 36,034 మంది రాస్తే 6,707 మంది గట్టెక్కారు. నూటికి 19 మంది కూడా కాదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ లెక్కలో రెండోసారి, అయిదోసారి రాసేవాళ్ళు కూడా ఉంటారు. కాబట్టి "వందలో ఎనభై మంది ఎప్పటికీ పాస్ కారు" అనడం తప్పు. ఒక మనిషి రెండేళ్ళు కూర్చుని చదివితే దాటే అవకాశం అంతకన్నా ఎక్కువే. కానీ ఆ రెండేళ్ళూ, ఆ కోచింగ్ ఖర్చూ, ఆ హాస్టల్ ఖర్చూ "ముప్పై లక్షల లోపే"లో కలిపారా? లేదు.

ఇక ఆ గుర్తింపుల సంగతి. డబ్ల్యూ.హెచ్.ఓ. ఏ మెడికల్ కాలేజీకీ గుర్తింపు ఇవ్వదు, అది దాని పనే కాదు. ప్రపంచంలో ఉన్న కాలేజీల జాబితాలో పేరుండటం టెలిఫోన్ డైరెక్టరీలో మన పేరుండటం లాంటిది. పేరుందని మనం గొప్పవాళ్ళం అయిపోతామా? ఎన్.ఎం.సీ. కూడా అంతే, విదేశీ కాలేజీలకు ఆమోదం ఇచ్చి జాబితా పెట్టదు. 2021 నవంబరులో నిబంధనలు మాత్రం పెట్టింది. కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడే 12 నెలలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, ఆ దేశంలో ప్రాక్టీసు చేసుకునే లైసెన్సుకి అర్హత రావాలి, ఇదంతా పదేళ్ళలో అయిపోవాలి. ఆ పైన ఇక్కడ మళ్ళీ 12 నెలల ఇంటర్న్‌షిప్. ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది మనమే. "అప్రూవ్డ్" అని బోర్డు రాసేవాడికి ఏ బాధ్యతా లేదు.

అన్నీ లెక్కేసుకోండి. అక్కడ ఆరేళ్ళు, పరీక్షకి కనీసం ఆరు నెలలో ఏడాదో, ఇక్కడ ఇంటర్న్‌షిప్ ఏడాది. అన్నీ సవ్యంగా జరిగితేనే ఎనిమిదేళ్ళు. సవ్యంగా జరుగుతాయా? 2020లో కరోనాకి చైనా నుంచి వచ్చిన పిల్లలు రెండేళ్ళకి పైగా ఇంట్లో ఫోన్లలో అనాటమీ నేర్చుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైతే వేలమంది బంకర్లలోంచి, సరిహద్దుల్లో చలిలో నడిచి బయటపడ్డారు. అలా చివరి ఏడాదిలో తిరిగొచ్చి ఆన్‌లైన్లో చదువు ముగించిన వాళ్ళని 2022 జులైలో ఎన్.ఎం.సీ. ఒక ఏడాది బదులు రెండేళ్ళు ఇంటర్న్‌షిప్ చెయ్యమంది. ఫిలిప్పీన్స్‌లో బీఎస్ తర్వాత నాలుగేళ్ళ ఎండీ ఈ 54 నెలల లెక్కకి సరిపోక మన తెలుగు పిల్లలు ఎంతమంది అల్లాడారో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ హాస్టల్లో అడిగినా చెప్తారు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద అల్లరిమూకలు పడ్డాయి. ఇవేవీ ఆ పిల్లల తప్పు కాదు. కానీ నష్టం మాత్రం వాళ్ళదే. కమీషన్ ఏనాడో ముట్టేసింది.

"యుద్ధాలు, రోగాలు ఎవరి చేతిలో ఉన్నాయండీ" అంటారు. నిజమే. మామూలు రోజుల్లో ఉండే కష్టం చూద్దాం. పాఠం ఇంగ్లీషులో చెప్తారు సరే, మంచం మీదున్న రోగి రష్యన్‌లో మాట్లాడతాడు. ఆయనకి ఎక్కడ నొప్పో అడగలేని విద్యార్థి వార్డులో ఏం నేర్చుకుంటాడు? ఎఫ్.ఎం.జీ.ఈ.లో మూడింట రెండొంతులు వచ్చేది ఆ వార్డుల్లో నేర్చుకోవాల్సిన క్లినికల్ సబ్జెక్టుల్లోంచే. అందుకే తిరిగొచ్చి మళ్ళీ మొదట్నుంచీ కోచింగ్.

ఇంకో వాదన ఉంది. "ఇక్కడ ప్రైవేటు కాలేజీలో చదివినవాడికి ఈ పరీక్ష లేదు కదా, ఇదేం న్యాయం?" ఒప్పుకుంటాను. అందరికీ ఒకటే పరీక్ష పెట్టాలని 2019 చట్టంలోనే ఉంది. నెక్స్ట్ అని పేరు కూడా పెట్టారు, ఏళ్ళ తరబడి వాయిదాలే. ప్రభుత్వాన్ని తిట్టాల్సిందే. అసలు నీట్ 'క్వాలిఫై' అన్న మాటే పెద్ద మాయ. 2025లో జనరల్ వాళ్ళకి కటాఫ్ 144, అంటే 720లో అయిదో వంతు. అలా 12 లక్షల 36 వేల మంది క్వాలిఫై అయ్యారు. దేశం మొత్తం ఎంబీబీఎస్ సీట్లు దాదాపు లక్షా ఇరవై వేలు. మిగిలిన పదకొండు లక్షల ఇళ్ళకీ "మీ పిల్ల అర్హురాలే" అని సర్కారే ఉత్తరం రాసినట్టు. కన్సల్టెన్సీ వాడికి ఇంతకన్నా మంచి లీడ్స్ ఏ మార్కెటింగ్ టీమ్ తేగలదు? కానీ సర్కారుని తిట్టినంత మాత్రాన మన పిల్లకి లైసెన్సు రాదు. పరీక్ష అన్యాయమైనదైనా రాయాల్సింది మన పిల్లే.

బయటికొచ్చాక బాబాయ్ వాళ్ళు సాయిబాబా గుడికి వెళ్ళారు. నేను టీ తాగుతుంటే ఆ కౌన్సెలర్ కుర్రాడే వచ్చి పక్కన నిలబడ్డాడు. నా ప్రశ్న నచ్చలేదేమో అనుకున్నా.

"అన్నా, నేను కూడా అట్లనే పోయొచ్చిన" అన్నాడు.

కరోనా బ్యాచ్‌ట. ఏ దేశమో చెప్పాడు, నేనిక్కడ చెప్పను. పరీక్ష అయిదుసార్లు రాశాడు. ఆఖరిసారి పదకొండు మార్కుల్లో పోయింది. ఇంటికి పోతే ఊళ్ళో అందరూ "డాక్టర్ సాబ్, బీపీ చూడు" అంటారట. చూస్తే కేసు, చూడకపోతే నామోషీ. అందుకే ఇక్కడే రూములో ఉంటూ పొద్దున చదువు, పగలు ఈ ఉద్యోగం. "మరి మా బాబాయ్‌కి అలా ఎందుకు చెప్పావ్?" అని అడిగాను. "టార్గెట్ ఉంటది అన్నా" అన్నాడు.

ఆ మాటకి నాకు కోపం రాలేదు. మూడు నెలల కోర్సు చేసి మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్న రెజ్యూమెలు ఈ వీధుల్లోనే తయారవడం నేను కళ్ళారా చూశాను. మన ఫీల్డులో దానికి మన్నింపు ఉంది. ఉద్యోగంలో చేరి, రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకుని నిలబడ్డ వాళ్ళు మీలోనూ ఉంటారు. జావా రాకపోతే టెస్టింగ్, అదీ రాకపోతే సపోర్టు. మెడిసిన్‌లో ఆ సందులు లేవు. లైసెన్సు లేని ఎంబీబీఎస్‌తో రోగిని ముట్టుకోకూడదు. ఇరవై ఆరేళ్ళకి చేతిలో డిగ్రీ ఉండి కూడా ఇంటర్ పాసైన వాడితో సమానంగా ఉద్యోగం వెతుక్కోవాలి. ముట్టుకోనూ కూడదు, ముట్టుకోనివ్వనూ కూడదు! 2022 డిసెంబరులో సీబీఐ పెట్టిన కేసు గుర్తుందా? ఈ పరీక్ష పాస్ కాకుండానే రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్ళలో రిజిస్టర్ అయ్యారని 73 మంది మీద కేసు. ఆ దారి అక్కడికి పోతుంది.

ఇక మన సంగతి. ఈ కన్సల్టెన్సీలని నడిపిస్తున్నది బాబాయిల అమాయకత్వం ఒక్కటే కాదు, మన జీతాలు. నూటికి డెబ్భై ఇళ్ళలో అని లెక్కలు చెప్పను కానీ, నాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఆ ఫీజులో ఒక వాటా సాఫ్ట్‌వేర్ అన్నదో బావదో. ఆన్‌సైట్‌లో వంద డాలర్ల ఫోను కొనడానికి నలభై రివ్యూలు చదివే మనం, ముప్పై లక్షల దగ్గర "ఇంట్లో వాళ్ళు అడిగారు, కాదంటే బాగోదు" అని ఊరుకుంటాం. అడిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. నేను అడిగినందుకు చిన్నమ్మ "డబ్బులియ్యాల్సొస్తదని గిట్ల మాట్లాడుతుండు" అన్నదట. విని రెండ్రోజులు నిద్ర పట్టలేదు. అయినా సంతకం పెట్టలేదు.

పెట్టనని కాదు. షరతు పెట్టాను. ఎన్.బీ.ఈ. వాళ్ళు ఏ కాలేజీ నుంచి ఎంతమంది రాశారో, ఎంతమంది పాసయ్యారో పట్టికలు బయటపెడతారు. చేరబోయే కాలేజీ పేరు అందులో వెతకండి. సగం మందైనా పాసైన కాలేజీ చూపిస్తే సంతకం పెడతాను. కోర్సు ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ అక్కడే ఉందా, మనవాళ్ళకి అక్కడ లైసెన్సు ఇస్తారా.. ఈ మూడూ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. అక్కడ ఇప్పుడు నాలుగో ఏడాది చదువుతున్న మన పిల్లతో మా చెల్లి స్వయంగా, కన్సల్టెన్సీ వాళ్ళు పక్కన లేకుండా మాట్లాడాలి. ఎనిమిదేళ్ళ ఖర్చు కాగితం మీద వెయ్యాలి, ఆరేళ్ళది కాదు. ఇవన్నీ కుదిరితే నా జీతం స్లిప్పులు రెడీ. మంచి కాలేజీలూ ఉన్నాయి, చదివొచ్చి మంచి డాక్టర్లయిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు సీటు దొరికినందుకు కాలేదు, చివరి పరీక్ష ఏమిటో మొదటిరోజే తెలుసుకుని వెళ్ళినందుకు అయ్యారు.

ప్రాజెక్టులో ఎంట్రీ క్రైటీరియా ఎంత ముఖ్యమో ఎగ్జిట్ క్రైటీరియా అంతకన్నా ముఖ్యం అని మనమే కదా కొత్తగా చేరిన పిల్లలకి చెప్పేది. ఇంట్లో కూడా చెబుదాం. చెడ్డపేరు వస్తుంది, రానివ్వండి. పదకొండు మార్కుల్లో పోయిన ఆ కుర్రాడికి కూడా ఎవరో ఒక అన్న ఉండే ఉంటాడు. వాడు ఆ రోజు ఈ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.