పిట్టల కోసం కెమెరా

"పిట్టల ఛాయాచిత్రాలు తీయాలనుంది, ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగే మిత్రులలో చాలామందికి అప్పటికే మెగాపిక్సెళ్ళ సంఖ్య ఒకటి తలకెక్కి ఉంటుంది. అమ్మేవారికీ ఆ లెక్కే సులువు. నేను మాత్రం పిట్టకూ మీకూ మధ్య ఎంత దూరం ఉండబోతోందని అడుగుతాను.

పాలపిట్ట పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. అది 30 మీటర్ల దూరాన కరెంటు తీగ మీద కూర్చుందనుకోండి. 300 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకంతో తీస్తే (బడిలో తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ మాటలు గుర్తుండే ఉంటాయి, ఫోకల్ లెంగ్త్, లెన్స్ అన్నా నాకు పేచీ లేదు) సెన్సరుపై దాని బొమ్మ 2.7 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ సెన్సరు వెడల్పులో అది ఎనిమిదో వంతో, తొమ్మిదో వంతో. కటకం 600 మిల్లీమీటర్లదైతే పిట్ట ఆక్రమించే వైశాల్యం నాలుగింతలవుతుంది. మెగాపిక్సెళ్ళు రెట్టింపు చేసినా ఆ లాభం రాదు. కనుక డబ్బులో పెద్ద భాగం కటకానికే కేటాయించమంటాను.

ఇది చిత్రం నాణ్యతకు మాత్రమే సంబంధించిన మాట కాదు. కటకం చాలనప్పుడు మన కాళ్ళు ముందుకు కదులుతాయి. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతులు గుంపులుగా గూళ్ళు కడతాయి. అటువంటి చోట మనిషి మరీ చేరువైతే తల్లిపక్షులు లేచిపోతాయి. రెక్కల నీడ తొలగగానే ఒంటిమీద ఈకలైనా రాని పిల్లలు ఎండకు మాడతాయి, గుడ్లు కాకుల పాలవుతాయి. మన పొట్టి కటకానికి మూల్యం ఆ పిల్లలు చెల్లిస్తాయన్నమాట. గూళ్ళను దూరపు మంచె మీదినుంచి తీయగలిగితే తీయాలి, లేదా కళ్ళతో చూసి రావాలి. ఈ విషయంలో నాకు మధ్యేమార్గం కనబడదు.

ఇక ఖర్చు. మిర్రర్‌లెస్ కెమెరాల రాకతో పాత డీఎస్సెల్లార్లు చౌకగా చేతులు మారుతున్నాయి. వాటిలో ఒకదానికి సిగ్మా లేదా టామ్రాన్ వారి 150-600 కటకం జతచేస్తే పదేళ్ళపాటు లోటుండదు. అయితే ఆ కటకమే సుమారు రెండు కిలోలో, అంతకు మించో బరువు. కొల్లేటి గట్ల మీద మూడు గంటలు మోయలేనిది ఎంత గొప్పదైనా బీరువాలోనే ఉంటుంది. అంత ఓపిక లేనివారికి నికాన్ పీ900 వంటి సూపర్‌జూమ్ ఉంది. 2015లో వచ్చిన ఈ పెట్టె తొమ్మిది వందల గ్రాములు కూడా లేదు, 2000 మిల్లీమీటర్లకు సమానమైన దృశ్యాన్నిస్తుంది. సెన్సరు చిన్నది కాబట్టి సంజవెలుగులో బొమ్మ గరుకుగా వస్తుంది, ఎగిరే పిట్టను పట్టుకోవడమూ కష్టమే. నిపుణులు దీన్ని చూసి పెదవి విరుస్తారు. విరవనీండి! చెరువుకు అవతలి ఒడ్డున ఉన్న ఉల్లంకిపిట్ట ఏ జాతిదో తేల్చుకోవడానికి ఇదే మేలు.

డబ్బుకు వెనుదీయనివారు మిర్రర్‌లెస్ తీసుకోవచ్చు. పక్షి కన్నును తానే వెతికి పట్టే నేర్పుకన్నా, చప్పుడు లేని షట్టరు నాకు ఎక్కువ నచ్చిన గుణం.

ఏది కొనేముందైనా, ఒక ఆదివారానికి అద్దెకు తెచ్చుకోండి. హైదరాబాదులో ఇచ్చేవారున్నారు. మీ ఊరి చెరువుకే తీసుకెళ్ళండి. పొద్దెక్కేసరికి మెడ ఏమంటోందో వినండి.