డబ్బు ఇచ్చే పద్ధతి, వైద్యం చేసే పద్ధతి

డాక్టరు రాసిన పరీక్షల్లో ఎన్ని అవసరం, ఎన్ని బిల్లు కోసం? ఆసుపత్రి వరండాల్లో రోజూ వినే అనుమానమే, తేలేది మాత్రం కాదు. జబ్బు ముదిరి రాశాడో, డబ్బుకు రాశాడో కేసు షీటు చూస్తే తెలియదు.

జర్మనీలోని బాన్‌లో హైకే హెన్నిగ్-ష్మిట్, రైన్‌హార్డ్ సెల్టెన్, డేనియల్ వీసెన్ డబ్బు ఇచ్చే పద్ధతిని బట్టి వైద్యం మారుతుందా అని ప్రయోగశాలలో పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. సెల్టెన్ 1994లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త. 42 మంది వైద్య విద్యార్థులను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికి 15 మంది రోగులు. ఒక్కో రోగికి సున్నా నుంచి పది దాకా ఎన్ని సేవలైనా చేయొచ్చు. కొందరికి సేవకింత చొప్పున డబ్బు, మిగతావారికి ఎంత చేసినా తలకింత. ఎన్ని సేవలు చేస్తే తనకెంత మిగులుతుందో, రోగికెంత మేలో తెర మీదే కనిపిస్తుంది.

రోగులు కాగితం మీదివాళ్లే. అయితే వాళ్లకు జరిగిన మేలును డబ్బుగా లెక్కగట్టి, కంటి శుక్లాలకు చికిత్స చేయించే ఒక స్వచ్ఛంద సంస్థకు నిజంగానే పంపారు. నాకు బాగా నచ్చింది ఈ ఏర్పాటే. విద్యార్థి తన జేబు చూసుకుంటే ఎక్కడో ఒకరి కంటి చికిత్సకు ఆ మేరకు తగ్గుతుంది.

సేవకింత అన్నచోట అవసరానికి మించి చేశారు, తలకింత అన్నచోట తక్కువ చేశారు. అలాగని రోగి మేలును గాలికి వదిలేయలేదు. అసలు సంగతి ఏమిటంటే, మొదటి పద్ధతిలో నష్టపోయింది కొద్దిపాటి వైద్యం చాలినవాళ్లు. రెండోదానిలో ఎక్కువ వైద్యం కావాల్సినవాళ్లు. తర్వాత ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లతో చేసిన ప్రయోగాల్లోనూ మొగ్గు అటే ఉంది, తీవ్రతలోనే తేడా.

ఇక మన దగ్గర, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీది ప్యాకేజీ పద్ధతి: ఆపరేషన్‌కింత అని ముందే ఖరారు. నా లెక్కలో ఇందులో రెండు ఆశలూ ఉన్నాయి. ప్యాకేజీ లోపల ఖర్చు తగ్గించుకోవాలని ఒకటి, ఆపరేషన్ల సంఖ్య పెంచుకోవాలని ఇంకొకటి. బాన్ విద్యార్థుల నెత్తిన యాజమాన్యం టార్గెట్లు లేవు, నిజమే. అయినా ప్యాకేజీ రేట్లు సవరించే ముందు మన హౌస్ సర్జన్లతో ఇలాంటి పరీక్ష పెట్టడానికి పట్టేది ఒక కంప్యూటర్ ల్యాబు, కాసిని రోజులు.