తేనెటీగ ఇంటిదారి

"దాని గుణమే అంత" అంటాం. తేలు కుట్టినా, కందిరీగ వెంటబడినా మన పెద్దలది ఇదే మాట. నేను కూడా పరీక్షలో "సహజాతమనగా పుట్టుకతో వచ్చు ప్రవృత్తి" అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అది జవాబు కాదని ఇప్పుడనిపిస్తున్నది.

తేనెటీగనే చూడండి. కూలి ఈగ మొదటి రెండు మూడు వారాలు తెట్టెలోనే ఉండి పిల్లపురుగులకు మేత పెడుతుంది. ఆ తర్వాత మకరందం కోసం బయటికి పోతుంది. ఎవరూ దానికి బదిలీ ఉత్తర్వు ఇవ్వలేదు. ఆ వయసుకు మెదడులో ఆక్టోపమైన్ అనే రసాయనం పెరుగుతుంది. 2001లో అమెరికాలో షుల్జ్, రాబిన్సన్ ఆ రసాయనాన్ని చక్కెర పాకంలో కలిపి పెడితే లేత ఈగలు కూడా వయసు రాకముందే బయలుదేరాయి! ఒంటరి మిడత దండు మిడతగా మారడం వెనక కూడా సెరటోనిన్ ఉన్నదని 2009లో తేలింది. గుణమంటే గుణం కాదు మిత్రులారా, చుక్కల కొద్దీ రసాయనం.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్నానంటే, మాది వెల్గటూర్ దిక్కు. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే బాపు దుకాణంలో ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్ కొడతాడు. ఎసిటైల్ కోలిన్ కూర్చోవలసిన చోట ఆ మందు పోయి కూర్చుంటుంది. పురుగు నరాలు తట్టుకోలేక చస్తుంది. కానీ అదే పీట తేనెటీగ మెదడులో కూడా ఉన్నదాయె. కొద్ది మోతాదుకు ఈగ చావదు, దారి మరుస్తుంది. 2012లో ఫ్రాన్సులో ఈగల వీపున చిన్న చిన్న చీటీలు అంటించి చూశారు. ఆ జాతి మందే అయిన థయామెథాక్సమ్ తాగిన ఈగల్లో మందు తాగని వాటికంటే ఎక్కువ ఈగలు తెట్టెకు తిరిగి రాలేదు. 2018లో యూరోపియన్ యూనియన్ ఇలాంటి మూడు మందులను ఆరుబయట వాడొద్దన్నది.

మందే కొట్టొద్దని నేననను. పురుగును వదిలితే పూతంతా రాలిపోతుంది, అప్పు మిగులుతుంది. కానీ పూత విచ్చుకున్నాక కొట్టడం మాత్రం తప్పు. కాయ పట్టడానికి ఆ ఈగలు కూడా సాయపడతాయి గదా! మనం ఏటా బొద్దింక నాడీమండలం బొమ్మ గీస్తాం, అందులో ఏం పారుతుందో అడగం. లెక్చరర్లు కోపగించుకోవద్దు. ఒక్క ప్రాక్టికల్ మామిడి తోటలో పెట్టి చూడండి.

సెలవుల్లో బాపుకు ఇదంతా చెప్పిన. కాసేపు ఊకున్నడు. "మరి మందిచ్చేటోడు ఈ ముచ్చట చెప్పకపాయె గదరా?" అన్నడు.